మటన్ అని రాశాం

రంజాన్ వచ్చిందంటే ఆఫీసులో మాకు గిరాకీ. ఆదివారం అనుబంధానికి ‘ముస్లిం వంటలు’ రాసిమ్మంటారు. హలీం రాశాం, షీర్‌ఖుర్మా రాశాం. ఒకసారి దమ్ పసందే రాశాం. కావలసినవి: మటన్ ఒక కిలో అని రాశాం. అబద్ధం. అదే వంట ఉర్దూ పత్రికకు రాసిచ్చినప్పుడు ‘బడే కా గోష్త్’ అనే రాశాం. ఎవరూ ఏమీ అనలేదు.

మా ఇంట్లో పసందే ఏనాడూ మటన్‌తో చేయలేదు. ముక్క అరచేయంత వెడల్పుగా రావాలంటే బడే కా గోష్తే కావాలంటుంది అమ్మీ. మటన్ ధరలో సగం కూడా కాదు, అదీ ఉంది. తెలుగులో పెద్దకూర. మా ఊరి మాదిగవాడలోనూ అదే మాట. బర్రె మాంసం, ఆవుది కాదు. ఎవరూ అడగకముందే ఇలా చెప్పుకోవడం మాకు అలవాటైపోయింది. ఆవును కోయొద్దని 1977లోనే చట్టం వచ్చింది. అప్పటికి మేం పుట్టనైనా లేదు. అయినా సంజాయిషీ మాదే.

మొన్న చెల్లెలి బిడ్డ ఖురాన్ మొదటిసారి పూర్తిగా చదివింది. ఆమీన్ దావత్ మా ఇంట్లోనే. అమ్మీకి మోకాళ్ల నొప్పులు. ఆమె కుర్చీలో కూచుని చెబుతుంటే మేం చేశాం. తొడ కండను అడ్డంగా, పల్చగా కోయించి తెచ్చాం. కత్తి మొద్దువైపుతో కొట్టాం. పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరి పట్టించాం. కిలోకి రెండు చెంచాలు దాటొద్దు, దాటితే ముక్క పిండైపోతుంది. అల్లం వెల్లుల్లి, పెరుగు, ఎర్రగా వేయించి నలిపిన ఉల్లిపాయ, గసగసాలు, కొబ్బరి, షాజీరా, పుట్నాల పొడి. పుట్నాలు లేకుంటే మసాలా ముక్కను పట్టుకోదని అమ్మీ రెండుసార్లు గుర్తుచేసింది. ఫజర్ నమాజ్ కాగానే కలిపింది పదకొండింటికి పొయ్యెక్కింది. దేగ్చీ మూతకు పిండి చుట్టి, పైన నిప్పులు పోశాం.

నిప్పులు పోయగానే అమ్మీ కిటికీ మూయమంది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరు, “నాన్‌వెజ్ పర్లేదు సార్, అది మాత్రం వండొద్దు” అన్నాడు. ‘అది’కి పేరు కూడా పెట్టలేదు. మేమూ అడగలేదు, తలూపి అడ్వాన్సు కట్టాం.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే గొడవలయ్యాయి. ఆ రాత్రి మేం డెస్కులోనే ఉన్నాం. హెడ్డింగులో గొడ్డుమాంసం అని పెట్టారు. వాళ్లు పెద్దకూర అంటున్నారు, అలాగే పెడదామని నోటిదాకా వచ్చింది. “నువ్వూ తింటావా?” అని ఎవరైనా అడుగుతారేమోనని మింగేశాం. ఆ పిల్లలేమో పళ్లెం పట్టుకుని బహిరంగంగా నిలబడ్డారు.

దమ్ మీదుండగా పిల్ల పాత డబ్బాలోంచి ఒక కాగితం తీసుకొచ్చింది. మా పసందే వ్యాసమే. అమ్మీకి తెలుగు చదవడం రాదు. మా పేరుందని కత్తిరించి దాచుకుంది. పిల్ల తెలుగు మీడియం. నానీమాకు గడగడా చదివి వినిపించింది: “మటన్ ఒక కిలో.”

అమ్మీ మా వైపు చూసింది. “మటన్ కైకు లిఖే రే?”

మేం మూత మీది నిప్పులు సర్దుతూ కూచున్నాం.

“ముక్కలు ముడుచుకుపోతాయి కదా” అంది కాసేపాగి. “పాపం, అది చదివి ఎంతమంది వండి పాడుచేసుకున్నారో.”