చేప తేలే వేళ

1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలయ్యేటప్పటికి నేను తాడేపల్లిగూడెంలో పలకా బలపం వదిలి నోటుపుస్తకాల్లోకి వచ్చాను. ఆ రాత్రిబడుల సంగతి మా ఇంట్లో మాట్లాడుకున్నది మాత్రం 1992లో, సారా దుకాణాల ముందు ఆడవాళ్ళు బైఠాయించారని రోజూ పేపర్లో వస్తుంటే. వాళ్ళు చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ అని సారా గురించి ఒక పాఠం ఉండేది. దూబగుంటలో రోశమ్మా, తోటి ఆడవాళ్ళూ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటి పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది.

ఆ పాఠం రాసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం. అక్షరాలు రానివాళ్ళే కదా అని ‘అల, వల’ దగ్గర ఆగిపోలేదు. ఎదురుగా కూర్చున్నది సంసారం ఈదుతున్న మనిషని గుర్తుపెట్టుకుని రాశారు.

ఈమధ్య ఇదంతా నాకు మళ్ళీ గుర్తొచ్చింది. మా అక్క కొడుకు చేపల రైతులకి శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో చేరాడు. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళు తిరగాలి, ఏలూరులో మా ఇల్లే వాడికి మజిలీ. ఒక రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ పట్టుకొచ్చి, “పిన్నీ, నువ్వు బీయే తెలుగు కదా, ఈ ప్రెజెంటేషన్ కాస్త దిద్దిపెట్టవా” అన్నాడు. నలభై రెండు స్లైడ్లు. మొదటిదాంట్లోనే “జలములో కరిగియున్న ఆమ్లజని సాంద్రత” అని ఉంది.

“తప్పులేం లేవురా. కానీ చెరువు దగ్గర దీన్ని ఏమంటారు?”

“డీవో అంటారు. అది తగ్గితే చేప తేలింది అంటారు.”

“మరి అదే రాయి.”

తెలుగు చదివిన పిన్ని నోట ఆ మాట వాడు ఊహించలేదు పాపం.

తర్వాత నేనడిగింది, రాత్రిపూట చెరువు గట్టున పడుకునేదెవరని. చెరువు ఒకరిది, లీజు ఇంకొకరిది. గుడిసెలో పడుకునేది కాపలా మనిషి, ఒక్కోచోట పెళ్ళాం పిల్లలతో. వాడు వివరంగా చెప్పాక నాకర్థమైంది ఇదీ: పగలు ఎండకి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ నాచూ, చేపలూ, అడుగున కుళ్ళే బురదా అన్నీ దాన్ని వాడుకునేవే. తెల్లవారేముందు మరీ తక్కువవుతుంది. లీటరుకి 5 మిల్లీగ్రాములు ఉండాల్సింది 3 కంటే దిగిందంటే శీలావతీ, బొచ్చే పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ సమయానికి ఇంజను వేసి కొత్తనీళ్ళు పెట్టేది ఆ గుడిసెలో మనిషే. నిద్రపోయాడా, లీజుదారు పెట్టుబడి తెల్లారేసరికి తెల్లగా తేలుతుంది, ఈయన పని పోతుంది. స్లైడ్లేమో గ్రాఫులతో, ముందు కుర్చీల్లో కూర్చునే లీజుదార్ల కోసం తయారయ్యాయి.

“కాపలావాళ్ళకి చదువుండదు పిన్నీ.”

మా గూడెం ఉల్లిపాయల మార్కెట్లో హమాలీలుండేవారు. క్వింటా ధర చెప్తే ఇన్ని బస్తాలకి తరుగు పోను ఎంతో నోటితోనే చెప్పేసేవారు. చీటీ చదవాల్సొస్తే మాత్రం నాలాంటి బడిపిల్లని పిలిచేవారు. అలాంటివాళ్ళకి తెలిసింది ముందు అడగాలి. అడక్కుండా మొదలుపెడితే మర్యాదకి తలూపుతూ టీ ఎప్పుడొస్తుందా అని చూస్తారు. డ్వాక్రా మీటింగుల్లో నేనూ ఆ ఊపుడు చాలానే ఊపాను.

నలభై రెండూ ఏడుకి దిగాయి. మధ్యాహ్నం మీటింగు సాయంత్రానికి మార్పించాను. రాత్రంతా మేలుకున్న మనిషిని భోజనమవగానే ఫ్యాను కింద కూర్చోబెడితే ఏమవుతుందో చెప్పాలా? కరెంటుని నమ్మలేం కాబట్టి ప్రొజెక్టరు మానేసి ఏడింటినీ ఫ్లెక్సీల మీద వేయించాడు. మేత ఎక్కువైతే కుళ్ళి డీవో లాగేస్తుందని చెప్పడానికి ఎక్కడిదో బొమ్మ కాకుండా, ఆ ఊరి చెరువులోనే కర్రకి కట్టిన చిల్లుల తవుడు సంచి ఫోటో పెట్టాడు. చేతికిచ్చే కాగితం మీద అక్షరాలు పెద్దవి చేయించాను. నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది, కళ్ళజోడు మాత్రం ఇంట్లో ఉండిపోతుంది. మొదటి ఫ్లెక్సీలో అసలు అక్షరమే లేదు. చీకటి చెరువు, తేలిన చేప, ముళ్ళు లేని గడియారం.

ఆటపాకలో పక్షుల్ని చూడొచ్చని నేనూ వెంట వెళ్ళాను. సాయంత్రం చెరువు గట్టున రెండు కొబ్బరిచెట్ల మధ్య ఆ ఫ్లెక్సీ కట్టి, “ఎన్నింటికి తేలుద్దండీ?” అని అడిగాడు. ముందు కుర్చీల్లోంచి “తెల్లారగట్ల నాలుగు” అన్నారు. వాడు స్కెచ్‌పెన్నుతో ముల్లు గీశాడు.

“ముసురు పట్టిన్నాడు రెండింటికే తేలుద్ది బాబూ,” అంది వెనకాల నుంచున్న ఒకావిడ. “నిరుడు ఈయన నిద్దరోతుంటే నేనే లేపాను.”

ఆయన తల దించుకున్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. మరి మబ్బు రోజు ఇంజను ఎప్పుడెయ్యాలని ఒకరు, అసలు ఆ రోజు మేత కట్టాలా అని ఇంకొకరు. మావాడు రెండు దగ్గర ఇంకో ముల్లు గీసి, పెన్ను ఆవిడ చేతికిచ్చి పక్కకి జరిగాడు. ముసురు సంగతి ఆరో ఫ్లెక్సీలో ఉంది. దాన్ని వాడు చుట్ట విప్పనేలేదు.