చేతులు వాళ్ళవి, లెక్కా వాళ్ళదే కావాలి

ఒళ్ళు నొప్పులు లేని ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడైనా ఉందా చెప్పండి! మా నరసాపురంలో అయితే మరీనూ. ఇక్కడ ఊరూరా లేసు అల్లికే. క్రోషే సూది చేతబట్టుకుని, తల వంచుకుని గంటల తరబడి కూర్చుంటే మెడ పట్టేయక ఏం చేస్తుంది? ఫిజియోథెరపీ చేసే నా దగ్గరికి వచ్చేవారిలో ఇలాంటి ఆడవాళ్ళు చాలామంది. నేను వ్యాయామాలు చెబుతాను. మధ్య మధ్య లేచి నాలుగడుగులు వేయమంటాను. అన్నీ విని చివరికి వాళ్ళడిగే మాట ఒకటే: "కాస్త ఒళ్ళు పట్టేవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మగారూ?"

ఈమధ్య నా దగ్గరికి నలుగురు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. నలుగురికీ చూపు లేదు. పట్నంలో మర్దన నేర్చుకుని, అక్కడే ఒక మసాజ్ సెంటరులో కొన్నేళ్ళు పనిచేశారట. వారిలో ఒకతని కుడిచేతి బొటనవేలి కీలు వాచి ఉంది. గ్లాసు పట్టుకోవడమే కష్టంగా ఉంది.

"రోజుకి పదిమందికి, పన్నెండుమందికి చేసేవాణ్ణండి. పండగ రోజులొస్తే అన్నం తినడానికి కూడా ఖాళీ ఉండేది కాదండి" అన్నాడు.

"మరి జీతం?"

"ఎంతిస్తే అంతేనండి. వచ్చినవాళ్ళ దగ్గర ఎంత తీసుకున్నారో మాకేం తెలుస్తుందండి? చేతులు మావి, లెక్కలు వాళ్ళవి."

ఇప్పుడు వాళ్ళు సొంత ఊళ్ళోనే, తామే యజమానులుగా, సంఘం పెట్టుకుని పనిచేయాలనుకుంటున్నారు. "చూపులేనివాళ్ళం, నడపగలమా అమ్మగారూ?" అన్నది వాళ్ళ ప్రశ్న. ఇది వాళ్ళ బతుకుకే కాదు, ఒళ్ళు అప్పగించే మన ఆరోగ్యానికీ సంబంధించిన ప్రశ్న. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మర్దన పనికి చూపు లేకపోవడం లోటు కాదు. కండరం ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ నొక్కితే మనిషి ఊపిరి బిగబడుతున్నాడో చెప్పేది వేళ్ళే. జపాను దేశంలో ఇది శతాబ్దాల నాటి వృత్తి. సుగియామా వాయిచి (1610–1694) అనే అంధ వైద్యుడు సన్నని గొట్టంలోంచి సూదిని గుచ్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చి, చూపులేనివారికి సూది వైద్యమూ మర్దనా నేర్పే పాఠశాలలు పెట్టించాడు. ఇంగ్లండులో 1915లో స్థాపించిన సెయింట్ డన్‌స్టన్స్ సంస్థ, యుద్ధంలో కళ్ళు పోయిన సైనికులకు నేర్పిన వృత్తుల్లో మర్దన ఒకటి.

పని వస్తే చాలా మరి? చాలదనే చరిత్ర చెబుతోంది. జపానులో అంధులకు 'తోదోజా' అని ఒక పెద్ద సంఘం ఉండేది. కానీ అందులో అన్నీ మెట్లే. పై మెట్టు ఎక్కాలంటే డబ్బు కట్టాలి. కింది వాళ్ళు కట్టిన సొమ్ములో వాటాలు పైవాళ్ళకు చేరేవి. 1871లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. దక్షిణ కొరియాలోనూ, తైవానులోనూ మర్దన వృత్తిని చూపులేనివారికే ప్రత్యేకించారు. 2008 అక్టోబరులో కొరియా రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఏర్పాటు సరైనదేనంది. అదే నెలలో తైవాను రాజ్యాంగ న్యాయస్థానం చెల్లదంది! చట్టం ఇచ్చిన రక్షణ చట్టంతోనే పోవచ్చు. పేరుకి సంఘమైనా పెత్తనం కొందరిదే కావచ్చు. కాబట్టి చివరికి చూసుకోవలసింది లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదే.

ఈ సంగతి నరసాపురం వాళ్ళకి ఒకరు చెప్పాలా? పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లో ఎదిగి విదేశాలకు వెళ్ళింది. లాభం మాత్రం చాలాకాలం మధ్యవర్తులకూ, ఎగుమతిదారులకూ వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద పుస్తకమే రాసింది. రోజంతా అల్లినా దాన్ని పని అనకుండా, ఇంటి ఆడవాళ్ళ కాలక్షేపం అన్నారు కాబట్టే కూలి అంత తక్కువ ఇచ్చారని ఆమె తేల్చింది. తరవాత లేసు పనివాళ్ళ సహకార సంఘాలు వచ్చాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కిందంటే, దానికి దరఖాస్తు పెట్టింది అలంకృతి అనే పరస్పర సహాయ సహకార సంఘాల సమాఖ్యే.

ఆ నలుగురికీ నేను ముందు చెప్పింది ఈ మాటే. రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యులే పెట్టుబడి పెట్టుకుని, సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకుని నడుపుకోవచ్చు. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకే ఓటు. అయితే నలుగురు చాలరు. వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమందైనా చేరాలి. భీమవరం, పాలకొల్లు వైపు ఉన్న తోటివాళ్ళని కలుపుకోమన్నాను.

ఇక నడిపే తీరు. ఉదాహరణకి ఒక మర్దనకు నాలుగువందలు తీసుకున్నారనుకోండి. రెండువందల నలభై చేసినవారికి. వంద రూపాయలు అద్దెకీ, నూనెకీ, తువ్వాళ్ళకీ, కరెంటుకీ. మిగిలిన అరవై నిధిలో పడాలి. చెయ్యి నొప్పి వచ్చి పని మానుకున్నవారికి ఆ రోజుల భత్యం ఈ నిధిలోంచే. అన్నిటికంటే ముఖ్యం ఈ అరవై. అది లేకపోతే నొప్పి దాచుకుని పనిచేస్తారు. నొప్పి చేత్తో చేసే మర్దన వచ్చినవారికీ మేలు చేయదు.

పనిని వంతుల వారీగా పంచుకోవాలి. ఒకరి దగ్గరికే అందరూ వస్తామన్నా, రోజుకి అయిదారుగురిని మించి ఒక చేతికి అప్పగించకూడదు. మనిషికీ మనిషికీ మధ్య పావుగంట విరామం. బల్ల ఎత్తు చేసేవారి నడుముకి సరిపోవాలి. బరువంతా బొటనవేలి మీద వేయకుండా ముంజేతితో, ఒంటి బరువుతో ఒత్తాలి. ఈ నియమాలు యజమాని దయ మీద ఆధారపడితే పండగ వారంలోనే గాలికి పోతాయి. సభ్యులు తీర్మానం చేసుకుంటే నిలుస్తాయి.

లెక్కలు చూడలేరు కదా అంటారేమో. వినగలరు కదండీ! ఇప్పుడు తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఫోన్లున్నాయి. నోటు విలువ పలికే 'మణి' అనే యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చింది. వచ్చినవారి వివరాలు బ్రెయిలులో రాసుకోవచ్చు. కాగితాలు చూడటానికి చూపున్న గుమాస్తాను పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. కాని అతను జీతగాడు, అధికారి కాదు. డబ్బు ఒక్కడి చేతిలో ఉండకూడదు. ప్రతి శనివారం వారం లెక్క అందరి ముందూ పైకి చదవాలి. అర్థం కానివారు అడగాలి. అడిగితే తప్పుగా అనుకోకూడదు. ఏటా ఆడిటు సరేసరి.

ఇప్పుడు మర్దన చేయించుకునేవారికి నాలుగు మాటలు. కండరాల నొప్పికి, మెడ పట్టుకు, ఒత్తిడికి మర్దన ఉపశమనం ఇస్తుంది. చక్కెర వ్యాధిని, పక్షవాతాన్ని కుదర్చదు. అలా అని ఎవరు చెప్పినా నమ్మకండి. జ్వరం ఉన్నా, చర్మం మీద పుళ్ళున్నా, ఎముక విరిగినా మర్దన వద్దు. ఒక పిక్క ఒక్కటే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని రుద్దకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఛాతీ నొప్పి ఎడమ భుజానికి పాకుతుంటే అది మర్దన వ్యవహారం కాదు, ఆసుపత్రి వ్యవహారం. గర్భిణులు, కేన్సరు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు డాక్టరును అడిగాకే రావాలి. చక్కెర వ్యాధితో పాదాలు మొద్దుబారినవారికి వేడి నూనె ప్రమాదం.

చూపులేనివారి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇవన్నీ నోరు తెరిచి చెప్పాలి. కమిలిన మచ్చ, ఎర్రబారిన చర్మం వారికి కనిపించవు. వారు ముందుగా పది ప్రశ్నలు అడిగితే విసుక్కోకండి. అడగనివారి దగ్గరే భయపడాలి. గదిలో కుర్చీని జరిపితే మళ్ళీ దాని చోటనే పెట్టండి. ఆడవారికి ఆడవారే చేసే ఏర్పాటు ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఆ అబ్బాయి బొటనవేలికి ఆరు వారాల విశ్రాంతి రాశాను. ఈలోగా మిగతా ముగ్గురూ సభ్యుల్ని పోగుచేసే పనిలో ఉన్నారు. రేపు మీ ఊళ్ళో ఇలాంటి సంఘం బోర్డు కనిపిస్తే, పాపం అని జాలిపడి వెళ్ళకండి. మెడ నొప్పి ఉంటే వెళ్ళండి. బేరం ఆడకుండా, బోర్డు మీద రాసిన రుసుము ఇచ్చి రండి. ఎంత ఇచ్చారో చేసినవారికి వినపడేలా చెప్పి మరీ ఇవ్వండి.