గాలం వేయదగిన చోటు

7,516 కిలోమీటర్లని మనం చదువుకొన్న భారతదేశపు తీరరేఖ ఇటీవలి కొలతలో 11,098 కిలోమీటర్లు దాటింది. ఇంతటి తీరంలో గాలం వేయడానికి ఏ చోటు మేలైనది?

బాల్యం నుండి ఆ వ్యసనం గల నేను మొదట కావేరిని తలచాను. అక్కడి మహసీర్ చేప 2018లో అంతరించే ప్రమాదం అత్యధికంగా గల జీవుల జాబితాకెక్కిందని తెలిసి ఆ ఆశ మానుకొన్నాను. పిమ్మట అండమాను ప్రయాణానికి సొమ్ము కూడబెట్టాను.

నిరుడు వేసవిలో అబ్బాజాన్ మెల్లగా, "చూపు పూర్తిగా పోకముందే అంతర్వేదికి తీసుకుపోతావా, బేటా?" అన్నారు. వచ్చే సెలవులలో చూద్దామన్నాను. ఆయన మారు పలుకలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాశిష్ఠ గోదావరి సాగరంలో కలిసే ఆ చోటనే ఆయన నాకు గాలం కట్టడం నేర్పారు. మేము వెళ్ళినది మే నెల. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏప్రిల్ 15 నుండి 61 రోజులు వేట నిషేధం. మరపడవలన్నీ ఒడ్డుననే ఉన్నాయి. బ్రతికిన రొయ్యను ఎరగా గ్రుచ్చి ఒడ్డు నుండి విసిరాను. జాములు గడిచాక పెద్ద పండుగప్ప పడింది. అబ్బాజాన్ దాని పొట్టను వ్రేళ్ళతో తడిమి, "గ్రుడ్లతో ఉంది, వదిలెయ్యి బేటా" అన్నారు.

వదిలాను. రిక్తహస్తాలతో ఇల్లు చేరాము. అండమాను నేటికీ చూడలేదు. ఆ లోటు నాకు లేదు. పట్టడంతోపాటు విడవడం కూడ నేర్పిన చోటే మేలైన చోటని నా మనవి.