చిట్టాకు ఒకే భాష

కంప్యూటరులో జరిగే పనులలో మనకు కనబడేవి కొన్నే. ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఎవరికి అనుమతి దొరకక వెనుదిరిగారో పూర్తిగా తెలిసేది కెర్నెలుకే. లినక్సు కెర్నెలులో ఈ సంగతులను నమోదు చేసే ఆడిట్ విభాగం 2004లో, 2.6 శ్రేణిలో చేరింది. అది రాసే చిట్టాను చదవడం నా ఉద్యోగంలో ఒక భాగం. అందులో కథ లేదు, వర్ణన లేదు. అయినా ఇంత నియమంగా రాసే లేఖకుణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

ఒక్కో పద్దు ఒక్కో వరుస. మొదట పద్దు రకం. తరువాత 1970 జనవరి 1 నుండి గడిచిన సెకన్లు, మిల్లీసెకన్లు, ఒక క్రమసంఖ్య. ఒకే ఘటనకు చెందిన పద్దులన్నీ అదే కాలాన్నీ, అదే సంఖ్యనూ మోస్తాయి. ఆపైన 'పేరు = విలువ' జంటలు. వాటిలో నాకు మిక్కిలి ఇష్టమైనది 'ఎయుఐడి'. మొదట లాగినైన వ్యక్తి సంఖ్య అది. ఆ మనిషి తరువాత రూట్ అవతారం ఎత్తినా ఆ సంఖ్య మారదు. ఎవరూ లాగిన్ కాకుండా, యంత్రం లేవగానే మొదలయ్యే సేవలకు అక్కడ 4294967295 అని ఉంటుంది. మైనస్ ఒకటిని 32 బిట్లలో ధనసంఖ్యగా చదివితే వచ్చేది అదే. ఆ వాడుక తెలియనివాడు ఈ నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్లవ ఆసామీ ఎవరా అని వెతుకుతూ కూర్చుంటాడు.

చిక్కంతా పేర్లతోనే. ఫైలుకు పేరు పెట్టేది వాడుకరి. లినక్సులో ఏటవాలు గీత, సున్నా బైటు తప్ప ఆ పేరులో ఏదైనా ఉండవచ్చు, వరుసను విరిచే గుర్తుతో సహా. దానిని ఉన్నదున్నట్టు చిట్టాలోకి దింపితే, దుర్బుద్ధి గలవాడు పేరులోనే వరుస విరిచి, దాని కింద ఒక దొంగ పద్దును పుట్టించగలడు. అందుకే కెర్నెలు ఒక కట్టుబాటు పెట్టుకుంది. పేరు నిరపాయమైనదైతే దానిని కొటేషన్ గుర్తుల మధ్య రాస్తుంది. అందులో ఖాళీ గానీ, కొటేషన్ గుర్తు గానీ, ఆస్కీ పరిధి దాటిన బైటు గానీ ఉంటే మొత్తం పేరును హెక్సాడెసిమల్ అంకెలలోకి మార్చి, కొటేషన్లు లేకుండా రాస్తుంది. 'అమ్మ' అని తెలుగులో పేరు పెట్టిన ఫైలు యూటీఎఫ్-8లో 12 బైట్లు. చిట్టాలో అది 24 అంకెల వరుస. మన భాష మీద దానికి పగ లేదు. పొరుగువాడి ఫైలు పేరులో ఒక్క ఖాళీ ఉన్నా అదే మర్యాద.

ఈ కట్టుబాటు అన్నిచోట్లా నిలిస్తేనే దానికి విలువ. సి, ఏ, ఎఫ్, ఈ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో 'కేఫ్' అనే ప్రోగ్రాము ఉందనుకోండి. ఆ నాలుగూ హెక్సాడెసిమల్ అంకెలే. కెర్నెలులో ఏ మూలనో ఒకరు కొటేషన్లు లేకుండా ఆ పేరును వదిలేస్తే, చదివే సాధనం దానిని రెండు బైట్ల చెత్తగా విప్పుతుంది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒకచోట జీతాల పట్టిక ఒకటి మాయమైంది. దాని పేరులో ఒక ఖాళీ ఉంది. బయటినుంచి తెచ్చిన ఒక సాధనం ఆ పేరును మామూలు అక్షరాలతో చిట్టాలో వెతికి, ఆనవాలు లేదని తేల్చింది. ఆనవాలు లేదంటే ఎవరో చెరిపారని, చెరపగలిగినవాడు చిట్టాను చూసుకునే కుర్రవాడేనని మాట పుట్టింది. నాలుగు రోజులు అతడి బల్ల దగ్గరకు ఎవరూ పోలేదు. అయిదో రోజు మేము హెక్సాడెసిమల్ వరుసలను విప్పి చూశాము. తొలగింపు పద్దు అక్కడే ఉంది. అదే క్రమసంఖ్య గల మరో పద్దులో ఉన్న ఎయుఐడి, రాత్రిపూట పాత ఫైళ్ళను ఊడ్చే స్వయంచాలక పనికి కేటాయించిన ఖాతాది. చెరిపినది మనిషే కాదు.

ఆ చిట్టా దోషరహితమని నేననను. ఒక పని నెరవేరిందని చెప్పడానికి సిస్టమ్ కాల్ పద్దు 'ఎస్' అంటుంది, కెర్నెలు రాసే మరికొన్ని పద్దులు '1' అంటాయి, కెర్నెలు బయటి ప్రోగ్రాములు పంపే పద్దులు 'సక్సెస్' అంటాయి. ఒకే లెక్కను ఒక ప్రాంతంలో అడంగల్ అనీ, మరొక ప్రాంతంలో పహాణీ అనీ అన్నట్టు. కొత్తగా వచ్చినవారికి వీటన్నిటినీ ఒక్క ఊపులో సరిదిద్దాలనిపిస్తుంది. అది తేలికే. కానీ పాత మాటను నమ్ముకుని ఎన్నో సాధనాలు బతుకుతున్నాయి. కొన్ని జంటల వరుసక్రమాన్ని కూడా నమ్ముకున్నాయి. అందుచేత ఉన్నవాటిని కదపకుండా కొత్త జంటలను చివరన చేర్చాలని ఆ విభాగపు పెద్దలు కోరుతుంటారు. వాడుకరి ప్రోగ్రాములను కెర్నెలు చెడగొట్టరాదన్నది లైనస్ టోర్వాల్డ్స్ పదేపదే చెప్పే నియమం కూడా.

బయటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. నాకు మాత్రం ఆ కుర్రవాడు గుర్తుకొస్తాడు. కొటేషన్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించినవారికి అతడి పేరు తెలియదు, తెలియవలసిన పనీ లేదు. ఏళ్ళ తరబడి వారు ఆ చిన్న నియమాన్ని తప్పలేదు. అందువల్ల అయిదో రోజు అతడి పక్కన మళ్ళీ మనుషులు కూర్చున్నారు.