నిశ్శబ్ద రథము

మా నాయనకు యంత్రమును కంటితో గాక చెవితో చూచు అలవాటుండెను. రెండు ఋతుపవనముల నడుమ వర్షచ్ఛాయలో చిక్కి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనవలసిన అనంతపురపు మెట్టలో, అర్ధరాత్రి కరెంటు వచ్చినపుడు వేరుసెనగ చేని బోరు మోటారు రొద వినుచు ఆయన మంచముమీదనే మేలుకొని యుండి, ఆ ధ్వనిలో వెలితి తోచిన మరుక్షణమే "ఒట్టిగా తిరుగుతాండాది, పోయి ఆఫ్ చెయ్యి" అని నన్ను లేపెడివాడు. చీకటిలో పోయి చూతును గదా, నీటికి బదులు పైపు గాలిని కక్కుచుండెడిది.

అట్టి వానిని నేనొకమారు హైదరాబాదునకు తీసికొనిపోయి, చౌమహల్లా ప్రాసాదమున నిలిపియుంచిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఎదుట నిలిపితిని. బార్కర్ సంస్థవారు దేహమును కట్టిన ఆ సిల్వర్ ఘోస్టు వెనుకభాగమున సీటునకు మారుగా ఎత్తయిన సింహాసనము కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయింపగా, అది సముద్రము దాటి రాకమునుపే, 1911లో, ఆయన కన్నుమూసెను. ఉత్సవములకు దాని నెక్కిన భాగ్యము కుమారుడు ఉస్మాన్ అలీఖానునకు దక్కినది. సైన్యవ్యయము క్రింద 1800లో మా సీమను కుంఫిణీవారికి అప్పగించినది ఈ వంశమే గనుక, దత్తమండలములవాని మనస్సులో ఇచ్చట ఒక ముల్లు కదలక మానదు. అయినను ఆ బండిమీద నాకు కోపము రాలేదు.

ఏలయన, దానిని కన్నవాడు పేదబిడ్డ. హెన్రీ రాయిస్ బాల్యమున పత్రిక లమ్మినాడు. పీటర్‌బరో రైల్వే కర్మాగారమున పని నేర్చుచు, ఒక బంధువురాలు ఇచ్చు సొమ్ము ఆగిపోగా నడుమనే మానుకొన్నాడు. 1906లో లండను ఒలింపియా ప్రదర్శనకు వచ్చిన, ఆయన రూపొందించిన 40/50 అశ్వశక్తి నమూనాకు మొదట పేరే లేదు. మరుసటి యేడు, 12వ చట్రముపై కట్టిన బండికి వెండివన్నె తొడిగి, సంస్థ నిర్వాహకుడు క్లాడ్ జాన్సన్ 'వెండి దయ్యము' అను అర్థము వచ్చునట్లు సిల్వర్ ఘోస్ట్ అని పిలిచెను. సడిలేక వచ్చునది దయ్యమే గదా! ఆ ఒక్క బండి పేరే క్రమముగా ఆ జాతి కంతటికి చెల్లినది. ఆనాటి ఆరు సిలిండర్ల ఇంజనులకు క్రాంకుషాఫ్టు వణకుట తీరని వ్యాధి. రాయిస్ ఆరింటిని మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోసి, షాఫ్టును దిట్టముగా తీర్చి, ఒత్తిడితో నూనె పారించి ఆ వణకును మాన్పెను. ఆయన క్రొత్తగా సృష్టించినది స్వల్పమే. ఉన్నదానినే విని విని, సడి అణగువరకు సవరించినాడు. ఈ ఓర్పే నాకు పూజ్యము. 1907లో లండను, గ్లాస్గోల నడుమ ఆ బండి యంత్రదోషముచే ఒక్కమారైనను నిలువక వరుసగా 14,371 మైళ్లు పరుగెత్తెను. 1926 వరకు ఇంగ్లండులోను, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులోను కలిపి 7,874 వెలువడినవి. ఆనాడు కంపెనీ అమ్మినది చట్రమును మాత్రమే. పైదేహము కొన్నవాని అభిరుచి. కనుకనే నిజామునకు సింహాసనమైన ఆ జాతి చట్రమే, మొదటి మహాయుద్ధమున ఇనుపకవచము తొడిగి, బ్రిటిషు సైన్యాధికారి లారెన్సు వెంట నీరులేని అరేబియా ఎడారులలో తిరిగినది.

మా యెదుటి బండి మాత్రము, ఆయుర్దాయమంతయు కలిపి, కొద్ది వందల మైళ్లకు మించి నడువలేదని చెప్పుదురు. అంత చక్కని ఇంజను అంత తక్కువగా తిరుగుట నాకు నేటికిని బాధయే.

నాయన సింహాసనమువంక చూడనే లేదు. బానెట్టు ప్రక్కకు పోయి, తల కొంచెము వంచి, కావలివానితో "ఒకతూరి స్టార్టు చేసి వినిపించు నాయనా" అనెను. "అది కుదరదు పెద్దాయనా" అని అతడు మర్యాదగానే చెప్పెను. నాయన సరే యన్నట్లు తలయూపి, అచ్చటనే, అట్లే తల వంచుకొని, నేను చేయిపట్టి పిలుచువరకు నిలిచియుండెను.