ఖాళీ నెల

సెప్టెంబరు సగానికి వచ్చిందంటే చాలు, మమ్మల్ని అడగడం మొదలవుతుంది.

"ఏం భాయ్, పదిహేడో తారీఖును మీరేమంటారు?"

అడిగేవాడు చెడ్డవాడేం కాదు. పక్క సీట్లో ఏళ్ల తరబడి కూచున్న మిత్రుడే. మా ఇంటి బిర్యానీ తిన్నవాడే, రంజాన్‌కు షీర్‌ఖుర్మా రాలేదేమని అలిగేవాడే. ఛాయ్ తాగుతూ నవ్వుతూనే అడుగుతాడు. కానీ ఆ "మీరు" దగ్గర మాకు ముల్లు గుచ్చుకుంటుంది. నిన్నటిదాకా "మనం" అన్నవాడు ఆ ఒక్క రోజు "మీరు" అంటాడు. విమోచన అన్నామా, మేం మంచి సాయిబులం. విలీనం అన్నామా, కాస్త జంకుతున్న సాయిబులం. ఏమీ అనకుండా ఊరుకున్నామా, కడుపులో రజాకారును దాచుకున్నవాళ్లం.

ఉర్దూలో తేదీని తారీఖ్ అంటాం. చరిత్రనూ తారీఖ్ అనే అంటాం. తెలుగు ఆ మాటను మా దగ్గర్నుంచి తీసుకున్నప్పుడు తేదీ అన్న అర్థాన్ని మాత్రమే తీసుకుంది. చరిత్ర అన్న అర్థం మా దగ్గరే ఉండిపోయింది. మా తగాదా అంతా బహుశా అక్కడే ఉంది.

మేం పత్రికల్లో పనిచేసేవాళ్లం. రెండు భాషల్లో రాసి బతికేవాళ్లం. తెలుగు పత్రిక డెస్కు మీద ఉన్న రోజుల్లో "చరిత్రలో ఈరోజు" అన్న చిన్న శీర్షిక మా నెత్తిన పడేది. ఎవరికీ ఇష్టం లేని పని. ఒక్కో సంఘటనకు ఒక్కో లైను. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, యుద్ధాలు, ఒప్పందాలు అన్నీ ఒకే సైజు అక్షరాల్లో. సెప్టెంబరు 17 కింద ఏమేం వస్తాయో మాకు కంఠతా వచ్చు. 1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు. 1879లో ఈరోడ్‌లో పెరియార్ పుట్టారు. 1915లో పంఢర్‌పూర్‌లో మక్బూల్ ఫిదా హుస్సేన్ పుట్టారు. 1948లో జెరూసలేంలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్‌ను కాల్చి చంపారు. 1950లో నరేంద్ర మోదీ పుట్టారు. 1978లో క్యాంప్ డేవిడ్ ఒప్పందం. ఇన్నింటి మధ్య ఒక లైను మా హైదరాబాదుది.

ఈ లైన్లకు ఒకదానితో ఒకటికి సంబంధం లేదని అందరూ అనుకుంటారు. మేమూ అలాగే అనుకుని రాసి పడేసేవాళ్లం. తర్వాత్తర్వాత వాటిని విడదీసి చూడటం మా వల్ల కాలేదు.

హుస్సేన్ సంగతే తీసుకోండి. పంఢర్‌పూర్ విఠోబా ఊరు. ఆ ఊళ్లో పుట్టిన ముస్లిం, రామమనోహర్ లోహియా సలహా మీద మా హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ ఇంట ఏళ్ల తరబడి రామాయణాన్ని బొమ్మలుగా గీశాడు. ఆ చేతినే తర్వాత హిందూ దేవతలను అవమానించిన చెయ్యి అన్నారు. కేసులు పెట్టారు. 2004లో ఆయన తీసిన 'మీనాక్షి' సినిమాలో ఒక పాట మీద మా మతపెద్దలు గొడవ చేశారు. సినిమా హాళ్లలోంచి ఎత్తేశారు. రెండు వైపులా దెబ్బలు తిన్నాడు. 2006లో దేశం వదిలాడు, 2010లో ఖతర్ పౌరుడయ్యాడు, 2011 జూన్‌లో లండన్‌లో పోయాడు. మా శీర్షికలో మాత్రం ఒకటే లైను: ప్రముఖ చిత్రకారుడు.

బెర్నడాట్ స్వీడన్ దొర. ఇళ్లు వదిలి పోయిన పాలస్తీనా జనానికి తిరిగి తమ ఇళ్లకు పోయే హక్కు ఉండాలని నివేదికలో రాశాడు. దాని మీద తేదీ 1948 సెప్టెంబరు 16. మర్నాడే ఒక యూదు సాయుధ ముఠా ఆయన్ను చంపింది. అదే 16న పారిస్‌లో భద్రతా మండలి ముందుకు హైదరాబాద్ ఫిర్యాదు వచ్చింది. ఈ రెండూ ఒకటని మేం అనం. నిజాం పాలస్తీనా రైతు కాడు. కానీ ఇళ్లకు తిరిగి పోవడం గురించి రాసిన మనిషి చచ్చిన ఆ రోజుల్లోనే, మా దాదీ పుట్టిన ఊళ్లో జనం ఇళ్లు వదిలి చేలల్లో దూరారు. అది ఏ పత్రికలోనూ లైనుగా రాదు.

ఒక ఏడాది మేం ఇలా రాశాం: "1948: హైదరాబాద్ సంస్థానంపై సైనిక చర్య ముగిసింది." పొద్దున పేపరు తెరిస్తే ఇలా ఉంది: "1948: నిజాం పీడ నుంచి హైదరాబాద్ విముక్తి." ఎవరు మార్చారో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడిగితే ఆ ప్రశ్న మళ్లీ మా మీదికే వస్తుందని తెలుసు.

తర్వాత ఒక ఉర్దూ పత్రికకు అదే తేదీ మీద రాయాల్సి వచ్చింది. అక్కడ దాని పేరు "సుఖూతె హైదరాబాద్". హైదరాబాద్ పతనం. అక్కడ మేం షోయబుల్లా ఖాన్ గురించి ఒక పేరా రాశాం. 'ఇమ్రోజ్' సంపాదకుడు. హైదరాబాద్ భారతదేశంలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ను రజాకార్లు నరికి చంపారు, రాసే చేతిని నరికేశారు. మా లాంటి విలేకరే. మా మతంవాడే. అచ్చులో ఆ పేరా లేదు. స్థలం చాలలేదన్నారు.

ఒకచోట మా ఏడుపు కొట్టేశారు. ఇంకోచోట మా తప్పు కొట్టేశారు. మేం రెండు భాషల మధ్య నిలబడి చూస్తూ ఉన్నాం.

జరిగిందేమిటో అందరికీ తెలుసు. సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. 17, శుక్రవారం నాడు, నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. సైన్యాన్ని పంపి దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. పేర్ల గొడవ అక్కణ్ణించే మొదలైంది.

విమోచన అన్న మాట అబద్ధం కాదు. వెట్టి చేసిన వాళ్లకు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు బలిగొన్న వాళ్ల పిల్లలకు ఆ మాట అనే హక్కు ఉంది. విద్రోహం అన్న మాటా అబద్ధం కాదు. నిజాం మీదికి వచ్చిన సైన్యం తర్వాత దున్నేవాడి మీదికి తిరిగింది. 1951 అక్టోబరు దాకా సాయుధ పోరాటం సాగింది. ఓడిపోయాడన్న నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. ఊళ్లు వదిలి పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు.

ఈ పోరాటంలో మేం లేమా? సాయుధ పోరాటానికి 1947 సెప్టెంబరు 11న పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో పాటు మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకీడ్చి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఉన్నాడు. 'మా భూమి' నాటకం వెనక ఆయన కథే ఉంది. కానీ సభల్లో ఈ పేర్లు చెప్పేటప్పుడు మాకు ఒక చిన్న సిగ్గు కలుగుతుంది. దేశభక్తికి రసీదులు చూపిస్తున్నట్టు ఉంటుంది. రెడ్డిని ఎవరూ రసీదు అడగరు. ఏ దేశ్‌ముఖ్ మనవడినీ "పదిహేడో తారీఖును మీరేమంటారు" అని అడగరు.

మా దాదీ ఈ పేర్లలో ఒక్కటీ వాడలేదు. ఆమెకు సెప్టెంబరు 17 అన్న తేదీయే తెలియదు.

జహీరాబాద్ దగ్గరి పల్లె. అప్పుడు అది బీదర్ జిల్లా. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు మెదక్ జిల్లాకు వచ్చింది. ఆమెకు పద్దెనిమిదేళ్లు, చంకలో ఆర్నెల్ల మా బడే అబ్బా. "ఖాలీ కా మహీనా థా, బేటా. చాంద్నీ ఐసీ థీ కి ఛుప్నే కీ జగా నై థీ" అనేది. ఖాళీ నెల, దాక్కుందామంటే చోటు దొరకనంత వెన్నెల. జిఖాద్ నెలను మా దక్కన్‌లో ఖాళీ నెల అంటారు. రంజాన్ పండగ అయిపోయి, బక్రీద్ ఇంకా రాక, మధ్యలో ఏ పండగా లేని నెల. మేం తర్వాత లెక్క కట్టి చూశాం. 1948 సెప్టెంబరు 17 ఖాళీ నెలలోనే పడింది, పున్నమికి ఒకటి రెండు రోజుల ముందు. చదువురాని దాదీ లెక్క తప్పలేదు.

ఆమె అన్న దర్జీ. ఊరందరి బట్టలూ కుట్టేవాడు. పటేలు అంగీలు, పెళ్లి రవికెలు, చివరికి రజాకార్ల ఖాకీ చొక్కాలు. ఆ చొక్కా ఒకటి మా చిన్న దాదాది. అవును, మా ఇంట్లో ఒక రజాకారు ఉన్నాడు. కొన్ని నెలలు కర్ర పట్టుకుని ఊళ్ల మీద తిరిగాడు. ఈ సంగతి దాదీ మాకు ఒకే ఒక్కసారి చెప్పింది. "ఆ చొక్కా చూసి ఊరు భయపడేది. వదినను, నేనూ భయపడేదాన్ని" అంది. సైన్యం వస్తోందని తెలియగానే చిన్న దాదా రాత్రికి రాత్రి మాయమయ్యాడు. కరాచీ పోయాడన్నారు. సైన్యం దాటిపోయిన తర్వాత మూక వచ్చింది. చొక్కా తొడుక్కున్నవాడు దొరకలేదు. కుట్టినవాడు మిషను ముందే దొరికాడు. బావిలో వేశారు. సమాధి లేదు. దాదీ బతికినన్నాళ్లూ ఆ బావి నీళ్లు ముట్టలేదు.

దాదీని, బిడ్డను మాదిగవాడ ముసలమ్మ ఒకామె జొన్నచేలో దాచింది. మూడు రోజులు అంబలి మోసుకొచ్చింది. "ఎవలన్న అడిగితె నా బిడ్డెనే అంట. ఈ బొట్టు పెట్టుకో, బిడ్డా" అని తన కుంకుమ తెచ్చి పెట్టింది. ఆ ముసలమ్మ ఇంట్లో వెట్టి చేసినవాళ్లు ఉన్నారు, రజాకార్ల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు. నిజాం పోవడం ఆమెకు నిజంగానే విమోచన. ఆ విమోచన నాడే ఆమె ఒక సాయిబుల పిల్లను దాచింది. రెంటికీ ఆమెకు తగాదా కనపడలేదు.

ఆ నవంబరు, డిసెంబరుల్లో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లు ప్రభుత్వం పంపగా జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా కట్టారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. ముస్లింలను కాపాడిన హిందువుల గురించీ అందులో రాశారు. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013లో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చూడటానికి దొరికింది. ఆ ఏడాది సెప్టెంబరు 17 మళ్లీ ఖాళీ నెలలోనే పడింది. దాదీ అప్పటికి లేదు. ఆ లెక్కలో ఒక దర్జీ కూడా ఉన్నాడని చెప్పడానికి మాకు మనిషి లేకుండా పోయింది.

ఇప్పుడు ఈ తేదీకి ప్రభుత్వాలే పేర్లు పెడుతున్నాయి. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం చేసింది. అదే రోజు రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం చేసింది. 2024లో రాష్ట్రంలో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. ఒకే నగరం, ఒకే పొద్దున, రెండు జెండా కర్రలు. మరాఠ్వాడా ముక్తి దినం అంటుంది, కల్యాణ కర్ణాటక ఉత్సవం అంటుంది. తమిళనాడుకు అది 2021 నుంచి పెరియార్ పేర సామాజిక న్యాయ దినం. ఏ పేరులోనూ మా దర్జీకి చోటు లేదు. ఒక్క పెరియార్ దినమే మాకు కాస్త దగ్గరగా అనిపిస్తుంది.

మా ఇంట్లో మాత్రం దాదీ పెట్టిన ఆనవాయితీ నడుస్తోంది. ఖాళీ నెలలో పున్నమి ముందటి శుక్రవారం మలీద చేసి, అన్న పేరు మీద ఫాతెహా ఇచ్చేది. చిన్న దాదా పేరు మీద ఇవ్వలేదు. ఆయన్ను తిట్టనూ లేదు. ఒక గిన్నె మాదిగవాడకు పోయేది. ఇప్పుడు అమ్మీ చేస్తోంది. చాంద్ లెక్క కాబట్టి ఆ రోజు ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. మేం ఆ ఫాతెహాను వానల్లో చేశాం, చలిలో చేశాం. ఇప్పుడు ఎండాకాలంలో పడుతోంది. సర్కారు సెప్టెంబరు కదలదు, మా ఖాళీ నెల నిలబడదు.

ముసలమ్మ మనవడికి ఇప్పుడు అరవై దాటాయి. మొన్న గిన్నె తీసుకుపోతే అరుగు మీద కూచోబెట్టి అడిగాడు.

"ఈపారి జల్దే వచ్చిందేమే మీ ఖాళీ నెల?"

అక్కడా "మీ" అన్నాడు. ఆ "మీ" మాకు గుచ్చుకోలేదు. గిన్నె కడిగి, అందులో ఇన్ని జొన్నలు పోసి తిరిగిచ్చాడు. ఖాళీ గిన్నె పంపకూడదట, వాళ్ల నానమ్మ చెప్పిందట.