నాచారమున నల్లని పానము

వరంగల్లు దారిని భాగ్యనగరమునకు వచ్చువారికి ఉప్పలే గడప. ఘట్‌కేసరు, బోడుప్పలు, పీర్జాదిగూడ దాటి, నల్లచెరువు ప్రక్కగా వచ్చిన బస్సు మమ్మును కూడలియొద్ద దింపినది. తలపైన 2017 నుండి నడచుచున్న మెట్రోరైలు. దాని చెంత, పాదచారులకై 2023లో తెరచిన ఆకాశవంతెన. అది నలుదారులను కలుపుచు చుట్టివచ్చును. మావారు ముందు నడువగా మేము సంచులతో వెనుక నడచి, పది నిమిషములకు బయలుదేరిన చోటికే చేరితిమి. పటములు గీయుట నేర్పెడి సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణసంస్థ ఈ ఉప్పలులోనే కలదు. ఆ మాట ఆ సమయమున మావారితో అనుట యుక్తము కాదని ఊరకుంటిమి.

ఆటోలో నాచారము చేరుసరికి దీపములు పెట్టువేళ అయినది. ఒకప్పటి పల్లె, నేడు ఇటు కర్మాగారములు, అటు అంతస్తుల ఇండ్లు. నందమూరి తారకరామారావుగారు రామకృష్ణ స్టూడియోను నెలకొల్పినది ఇచ్చటనే. ఆయన పేరు వినినప్పుడు మాకు సినిమాలకంటె ముందు మా చిన్నమ్మ గుర్తునకు వచ్చును. కారణము చెప్పెదము.

మా చిన్నాయన సారాకు అలవాటుపడి ఇంటిలోని ఇత్తడిని, కంచును ఒక్కొక్కటిగా అంగడికి చేర్చినవాడు. బిందె పోయెను, గంగాళము పోయెను, చిన్నమ్మ పుట్టింటినుండి తెచ్చుకొన్న మరచెంబును పోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరుగబడిరన్న వార్తను, అక్షరములు రాని ఆమె మా అమ్మచేత రెండుమారులు చదివించుకొనెనట. 1993లో సారాయు, రామారావుగారి ప్రభుత్వమున 1995 జనవరిలో తక్కిన మద్యమును నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము తొలగెను. ఆ నడిమి రెండేండ్లు మాత్రమే గిన్నెలు లెక్కపెట్టుకొనకుండ నిద్రపోయితినని ఆమె చెప్పును. చిన్నాయన పోయి చాలకాలమైనది. ఆమె ఇప్పుడు మనుమనియొద్ద నాచారములో నున్నది.

ఆ మనుమడే మాకు మేనల్లుడు. ఉద్యోగముమీద లండను పోయివచ్చుచు రెండు సీసాలు తెచ్చెను. భోజనములైన పిదప ఒకదానిని బల్లపై నుంచి, “అత్తమ్మా, దీనిని ఇంపీరియల్ స్టౌట్ అందురు. ఒక్కసారి వాసన చూడండి” అనెను. మావారు కండ్లద్దములు సవరించుకొని సీసామీది చీటి చదువసాగిరి. చిన్నమ్మ తమలపాకుల ఈనెలు తీయుచు తలయెత్తలేదు.

గాజుగ్లాసులో పోయగా ఆముదమువలె చిక్కగా, కాటుకవలె నల్లగా దిగినది. పైన లేచిన నురుగు మాత్రము తెలుపు కాదు, కాఫీనురుగు రంగు. దీపమున కడ్డముగా పట్టినచో అంచున చింతపండు పులుసువంటి ఎఱుపు. మంచువలె చల్లగా త్రాగినచో రుచి తెలియదట. అందులకై అరగంట ముందే వెలుపల పెట్టినాడు. మూతిదగ్గరకు తీసికొనగా మొదట కాఫీగింజలు వేయించు వాసన, దాని వెనుక పాకము ముదిరి అడుగంటుచున్న బెల్లపు వాసన, ఆ వెనుక నానిన ఎండుద్రాక్ష.

రెండు చెంచాలు పుచ్చుకొంటిమి. దాచుట ఎందులకు? మొదట తీపి; నాలుక నడిమికి వచ్చుసరికి మాడిన చేదు; ప్రక్కల సన్నని పులుపు; మ్రింగిన తరువాత వగరు. ఆపై మిరియాల చారు త్రాగినట్లు గొంతులో వెచ్చన. షడ్రుచులలో ఉప్పొక్కటే కానరాలేదు.

చేయు విధానమును మేనల్లుడు వివరించెను. మనము రాగులను చేయునట్లే, బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టుదురు. అదియే మాల్టు. అందు కొంత నల్లబడువరకు వేయింతురు. ఇందులకు తిరుగుడు పీపావంటి యంత్రమునకు 1817లో డేనియల్ వీలరను ఆంగ్లేయుడు పేటెంటు పొందెను. ఆ మాల్టు తీసిన నీటిని హాప్స్ అను పువ్వులతో కాచి చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టుదురు. లండనులోని సదర్కు పేటలో థ్రేలు కుటుంబమువారు కాచిన గట్టిరకము పదునెనిమిదవ శతాబ్దిలో రష్యా రాజాస్థానమునకు పోయెడిదట. ‘ఇంపీరియల్’ అను బిరుదు దానివలననే. మాకు రాణిగారికంటె ఆ థ్రేలు ఇల్లాలే మనసున నిలిచినది. 1772లో భర్త మాల్టు, హాప్స్ లేకయే కాచెదనని ఒకని మాటలు నమ్మి దివాళాకు వచ్చినప్పుడు, హెస్టర్ థ్రేలు అప్పులు పుట్టించి ఆ వ్యాపారమును నిలబెట్టినది. ఏ దేశమందైనను సారా వలన చెడిన లెక్క ఆడుదానియొద్దకే వచ్చునేమో!

ఆ వాసన ఎక్కడనో ఎఱిగినదే అని తోచుచుండగా జ్ఞప్తికి వచ్చినది: దశమూలారిష్టము! పురుటిలో మాకు పోసినదే. అదియు ధాతకీపుష్పములు, బెల్లము వేసి పులియబెట్టిన నల్లని చేదుతీపే. మేనల్లుడు నవ్వి, “అయితే అరిష్టములోను మద్యమున్నది కదా, అత్తమ్మా!” అనెను. ఉన్నది. కాని అది చెంచాలెక్క, నీటితో కలిపి, కొలిచి ఇచ్చునది. ఈ సీసా మూడువందల ముప్పది మిల్లీలీటర్లు, నూటికి పదిపాళ్ల మద్యము; సాధారణమైన బీరు నూటికి అయిదుపాళ్లు. అనగా ఒక సీసా త్రాగిన, అంతేసి సీసాలు రెండు త్రాగినట్లు. ఈ లెక్క మావారు కట్టిరి.

మాకు భారతమున ఆదిపర్వములోని కచుని కథ తలపునకు వచ్చినది. దానవులు కచుని కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునిచేత త్రాగించిరి. తెలిసిన పిమ్మట ఆయన సురాపానము పాపమని కట్టడి చేసెను. అంతటి ఆచార్యునికి బూడిదరుచి తెలియలేదా అని చిన్ననాడు మా తండ్రిగారిని అడిగితిమి. ఆ రాత్రి గ్లాసు చూచిన తరువాత, ఇంత నల్లనిదైనచో ఎట్లు తెలియుననిపించినది.

అప్పుడు చిన్నమ్మ తలయెత్తి, “బాగున్నదా?” అని మమ్మడిగెను.

అబద్ధమాడలేకపోతిమి. “బాగున్నది, చిన్నమ్మా” అంటిమి.

“బాగుండకపోతే మీ చిన్నాయన ఎందుకు తాగుతడు?” అని, మరల ఆకు చేతికి తీసికొనెను. కొంతసేపటికి మనుమనితో, “రెండోది ఏడున్నది?” అనెను. ఫ్రిజ్జులో నున్నదని అతడు చెప్పెను. “ఎవరికన్న ఇచ్చెయ్యి, బిడ్డా. నేనుండంగ ఇంట్ల వద్దు.” అతడు సరేననలేదు, కాదనలేదు. గ్లాసు తానే తీసికొనిపోయి కడిగెను.

మఱునాడు ఉదయము ఉప్పలులో బస్సెక్కువఱకు అతడు మాతో వచ్చెను. రెండవ సీసా సంగతి మేమడుగలేదు. సంచిలో చిన్నమ్మ కట్టియిచ్చిన సకినాలు, వాటిక్రింద గుడ్డలో చుట్టిన చిన్న ఇత్తడిగిన్నె ఒకటి ఉన్నవి. ఆ గిన్నె ఏల ఇచ్చినదో ఇంటికి వచ్చి ఫోనులో అడిగితిమి. “నీ దగ్గర ఉండనియ్యి” అని మాత్రము చెప్పెను.